కిటికీలకు కొత్త రంగు

"నలభై ఒకటి," అంది క్లినిక్ నర్సు ఫోనులో, రెండోసారి. మొదటిసారే కోడలికి స్పష్టంగా వినపడింది. వినపడలేదంటే అంకె మారుతుందేమోనని పిచ్చి ఆశ.

"పోయిన నెల ఇరవై రెండే కదండీ?"

"పోయిన నెల ఇరవై రెండే. ఇప్పుడు నలభై ఒకటి. నలభై అయిదు దాటిందంటే ఆసుపత్రిలో చేర్చుకోవాలి. పిల్లని ఆ ఇంట్లోంచి పంపేశారా?"

"పంపేశామండీ. మొన్న రక్తం ఇచ్చాక ఇంటికి కూడా తీసుకురాలేదు. అటునుంచి అటే పట్నంలో మా వదిన దగ్గర దింపి వచ్చాం."

"మంచి పని చేశారు. ఇంట్లో సీసం రంగు మొత్తం తీసేసేదాకా గుమ్మం తొక్కనివ్వకండి." నర్సు పాత కాగితాలు తిరగేసింది. "ఒక్క నెలలో ఊరికే ఇంత పెరగదమ్మా. ఎవరైనా పాత రంగు గీకారా? గీకొద్దని మీకు చెప్పి, చెప్పినట్టు సంతకం కూడా తీసుకున్నాను, గుర్తుందా?"

కోడలు కిటికీ వైపు చూసింది. సోమవారం దాకా పెచ్చులూడుతూ ఉన్న కిటికీ ఇప్పుడు నిగనిగలాడుతోంది.

"పొయ్యి మీద పాలున్నాయండీ, మళ్ళీ చేస్తాను," అని పెట్టేసింది. పొయ్యి మీద ఏమీ లేదు.

ముందుగదిలో ముగ్గురూ ఉన్నారు. మామగారు కుర్చీలో, అత్తగారు గడప దగ్గర పీట మీద, భర్త గోడకు ఆనుకుని. తెల్లవారుజామునే పాలవ్యాను తోలి వచ్చినవాడు ఇంకా చొక్కా అయినా మార్చుకోలేదు. సోమవారం నుంచి ఈ నలుగురూ ఒకరితో ఒకరు మాట్లాడటం మానేసి, వస్తువులతో మాట్లాడుతున్నారు. అత్తగారు గిన్నెల్ని తిడుతుంది. మామగారు రేడియోని తిడతాడు.

"ఎంతట?" అన్నాడు భర్త.

"నలభై ఒకటి."

బయట ఎవరిదో కోడి ఒకటి తీరుబడిగా అరిచి ఊరుకుంది.

"యంత్రం అన్నాక ఒకసారి ఒకలా చూపిస్తుంది, ఇంకోసారి ఇంకోలా చూపిస్తుంది," అన్నాడు చివరికి మామగారు. "నలభై ఏళ్ళు ఆ దుమ్ములోనే తిన్నాను, ఆ దుమ్ములోనే పడుకున్నాను. నాకేమైంది?"

ఏమైందో ఆయన చేతులే చెబుతున్నాయి. గ్లాసు అందుకుంటే సగం టీ ఒళ్ళోనే పోతుంది. కుంచె పట్టుకుంటే మాత్రం ఆ చెయ్యి వణకదు. అందుకే ఆ చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు, అందరికీ రంగు మేస్త్రి. ఏ ఇంటికి పూత వేసినా డబ్బా అడుగున మిగిలింది తెచ్చి సొంత ఇంటికి వేసుకున్నాడు. ఆ రోజుల్లో సీసం కలిసిన రంగంటే మేలురకం. ఎండకు వెలిసిపోదు, వానకు ఊడదు. అలా నలభై ఏళ్ళ మేలురకమంతా పొరలు పొరలుగా ఈ మూడు కిటికీల మీదా, రెండు తలుపుల మీదా పేరుకుంది.

పేరుకున్నది ఊరుకుంటుందా, పెచ్చులు కట్టింది. ఆ పెచ్చులు నాలుకకు తియ్యగా ఉంటాయట. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే నాలుగేళ్ళ మనవరాలు తినగా తినగా కనిపెట్టింది. పిల్ల ఎదగడం లేదని, చెప్పిన మాట అప్పుడే మరిచిపోతోందని క్లినిక్‌కి తీసుకుపోతే, రక్తంలో సీసం తేలింది.

పల్లెటూరి ఇళ్ళలోంచి ఈ పాత రంగు తీయించడానికి ప్రభుత్వ నిధి ఒకటుందని చెప్పింది నర్సే. దరఖాస్తు పెట్టించిందీ ఆవిడే. వాళ్ళే మనుషుల్ని పంపుతారు, ఇంటికి పరదాలు కట్టి, తడిపి తడిపి దుమ్ము లేవకుండా రంగు తీస్తారు, పనికిరాని కిటికీలు మారుస్తారు. ఇంట్లో వాళ్ళు చేయాల్సింది ఒక్కటే. తనిఖీ మనిషి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి.

ఆ ఒక్కటే మేస్త్రికి చేతకాలేదు. తనిఖీకి తేదీ వచ్చిందని తెలిసిన మర్నాడు, సోమవారం పొద్దున్నే, కోడలు బడి యూనిఫారాలు కుట్టే షెడ్డుకు పనికి వెళ్ళడం చూసి, ఉప్పు కాగితం తీసి కిటికీలన్నీ పొడిగా రుద్దేశాడు. తడిపితే పట్టు రాదని ఆయన సిద్ధాంతం. సాయంత్రానికి కొత్త పూత వేసేశాడు. పైనుంచి మనిషి వచ్చి రంగు మేస్త్రి ఇంట్లో పెచ్చులు చూడటమా? ప్రాణం పోయినా ఒప్పుకోడు. పోయే ప్రాణం తనది కాదు కదా!

కోడలు పొద్దుగూకాక వచ్చేసరికి పిచ్చుక కనుబొమలు దుమ్ముతో తెల్లగా ఉన్నాయి. తాతతోపాటు తనూ రంగు వేశానని చప్పట్లు కొట్టింది.

"ఆ రోజు వ్యాను మరమ్మతుకిచ్చి మీరు ఇంట్లోనే ఉన్నారు," అంది కోడలు ఇప్పుడు, భర్తతో. "చూస్తూ కూర్చున్నారు."

"నాన్నకి చెప్పగలమా?"

"పిల్లని ఎత్తుకుని బయటికి పోవచ్చు కదా. దానికి మీ నాన్నగారి అనుమతి కావాలా?"

"చాల్లే, గొంతు తగ్గించు," అంది అత్తగారు. "ముందు పెచ్చులు తిన్నది ఎక్కడ? ఇంట్లో నీ కుట్టు మిషను పక్కన. నీ కళ్ళు సూది మీద, దాని నోరు కిటికీ మీద. అప్పుడు నువ్వేం చూస్తూ కూర్చున్నావు? కన్నది నువ్వు, కాపలా మేమా?"

ఇది పుండు మీద కారం. అత్తగారికి కారం చల్లే చోటు ఎప్పుడూ తప్పదు. నెల రోజులుగా కోడలు నిద్ర పట్టక తనను తాను అడుగుతున్న ప్రశ్న అదే మరి.

సరిగ్గా పదకొండు గంటలకు వీధిలో జీపు ఆగింది.

*

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆడమనిషి. నడివయసు, నలిగిన బూట్లు, భుజాన పెద్ద సంచి. కూర్చోమంటే కూర్చోలేదు, టీ అంటే వద్దంది. తుపాకీలాంటి యంత్రం ఒకటి తీసి కిటికీ చట్రానికి ఆనించింది. అది కీచుమంది.

"పైన కొత్త పూత ఉంది. అయినా లోపల ఉన్నది చూపిస్తుంది," అంది. "ఉండాల్సినదానికి తొమ్మిది రెట్లు ఉంది సీసం."

"తొమ్మిది రెట్లా!" అంది అత్తగారు. ఆ గొంతులో సంతోషం దాచుకున్నా దాగలేదు. జబ్బు పెద్దదని తేలితే పండగ చేసుకునే ఇళ్ళు కూడా లోకంలో ఉంటాయి. "చూశారా తల్లీ, మాది నిజంగా అవసరమైన ఇల్లే."

ఇన్‌స్పెక్టరు తడిగుడ్డ ముక్కతో కిటికీ అరుగు తుడిచింది. కోడలు నాలుగు రోజులుగా పూటకు రెండుసార్లు తుడుస్తున్న అరుగు. అయినా గుడ్డకు బూడిదరంగు అంటింది. ఆవిడ దాన్ని ఒక గొట్టంలో పెట్టి మూత బిగించింది.

"ఈ పూత ఎప్పుడు వేశారు?"

మేస్త్రి కుర్చీ పక్కనున్న గోడను పరీక్షగా చూడసాగాడు.

"వారం కూడా కాలేదు, వాసన ఇంకా పోలేదు," అంది ఇన్‌స్పెక్టరు తనే. "కింద రుద్దారు కూడా. దరఖాస్తు పెట్టాక యజమాని పాత రంగు ముట్టుకుంటే ఆ ఇల్లు జాబితాలోంచి పోతుంది. దరఖాస్తు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. చదవలేదా?"

"మళ్ళీ పెట్టుకుంటాం," అన్నాడు భర్త.

"ఈ విడతకి ఇదే ఆఖరి ఊరు. మళ్ళీ విడత ఉంటుందో లేదో నాకూ తెలియదు."

ఇన్‌స్పెక్టరు ఆ నలుగురినీ ఒకసారి చూసి, కోడలి దగ్గర ఆగింది. పిల్ల తల్లి ఎవరో చెప్పనక్కర్లేకుండానే తెలిసినట్టుంది. కాస్త మెత్తబడింది.

"యజమానులకు తెలియకుండా ఇంట్లో ఇంకెవరైనా చేసి ఉంటే వేరే ఫారం ఉంది. చేసినవాళ్ళు ఒప్పుకుని సంతకం పెట్టాలి, ఇంట్లో ఉన్న ఇంకో పెద్దమనిషి సాక్షి సంతకం పెట్టాలి. అప్పుడు ఫైలు నిలబడుతుంది."

"మా కోడలు చేసింది," అంది అత్తగారు.

ఎంత వేగంగా అందంటే, ఆ మాట ఎప్పటినుంచో నాలుక చివర సిద్ధంగా ఉన్నట్టుంది. మేస్త్రి గోడ మీంచి చూపు తిప్పలేదు. భర్త నేల చూశాడు. మేస్త్రి గోళ్ళలో కొత్త రంగు ఇంకా అలాగే ఉంది, పదీ పది గోళ్ళలో.

ఆ గోళ్ళు ఇన్‌స్పెక్టరు కూడా చూసింది. చూసి, కోడలిని అడిగింది. "మీరేనా?"

కోడలు జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేసింది. "ఆ ఫారం ఎవరెవరికి పోతుందండీ?"

"ఒకటి మా ఆఫీసుకి. ఒక నకలు క్లినిక్‌కి."

"క్లినిక్‌కి దేనికి?"

"చిన్నపిల్ల ఉన్న ఇల్లు కదమ్మా." ఇన్‌స్పెక్టరు ఈ మాటలు చాలా ఇళ్ళలో చెప్పి ఉంటుంది. "వద్దని చెప్పాక కూడా రుద్దారంటే, రుద్దినవాళ్ళ చేతికి పిల్లని ఇవ్వరు. పిల్లల అధికారి విచారణ అయ్యేదాకా బంధువుల దగ్గర ఉంచుతారు. ఒక్కోసారి మూడు నెలలు, ఒక్కోసారి ఏడాది. మీరు ఆలోచించుకోండి. నేను వెళ్ళి గోడల చుట్టూ పరీక్షకు మట్టి తీసుకుంటాను."

ఆవిడ చిన్న పార పట్టుకుని పెరట్లోకి పోయింది.

*

"ఎంత తేలిగ్గా అనేశారు అత్తయ్యా!"

"మరి ఎవర్నని చెప్పమంటావు? ఇల్లు మీ మామగారి పేరు మీదా నా పేరు మీదా ఉంది. దరఖాస్తులో వారసుడని వీడి పేరు రాశాం. మా ముగ్గురిలో ఎవరు చేశామన్నా ఫైలు పోతుంది." అత్తగారు వేళ్ళు మడిచి చూపించింది. "ఈ ఇంట్లో ఏ హక్కూ లేనిదానివి నువ్వొక్కదానివే. ఇన్నాళ్ళకి అదైనా పనికొచ్చింది."

ఇంతకంటే నిజం ఆవిడ జీవితంలో చెప్పి ఉండదు. పెళ్ళయి ఆరేళ్ళు, కోడలి పేరు ఆ ఇంట్లో ఏ కాగితం మీదా లేదు. ఇప్పుడు మొదటిసారి ఎక్కిస్తామంటున్నారు.

"మామయ్యగారూ," అంది కోడలు. "మీరైనా చెప్పండి."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. అందరూ చూశారు. "ఆ యంత్రం ఏ దేశానిదో," అని ఊరుకున్నాడు.

కోడలు భర్త వైపు తిరిగింది. "మనం వేరే గది తీసుకుందాం. నిధి వద్దు, ఏమీ వద్దు. సీసం లేని గది ఒక్కటి చాలు. నేను రెండు షిఫ్టులు కుడతాను."

"వీళ్ళనిక్కడ వదిలేసా?"

"వీళ్ళు నలభై ఏళ్ళు తిన్నారుగా ఆ దుమ్ము. వాళ్ళకేమీ కాదట."

"ఎంత మాటంది చూశావా!" అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మేం చస్తే పీడా పోతుందని అంటోంది. విన్నావా?"

భర్త విన్నాడు. విని ఏమీ అనకపోవడం అతనికి చిన్నప్పటి నుంచి అలవాటు. తల్లికీ భార్యకీ మధ్య నోరు మెదపని మగవాణ్ణి మంచివాడంటుంది లోకం. ఆ మంచితనం ఎవరి మెడకు చుట్టుకుంటుందో లోకానికి అక్కర్లేదు.

అతను భార్యను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళాడు. తలుపు మూసి, గొంతు తగ్గించాడు.

"నా మాట విను. ఒక్క సంతకం. ఇల్లు మంజూరయిపోతే పని మొదలుపెడతారు. మొదలుపెట్టిన పని మధ్యలో ఆపరు. అప్పుడు నేనే క్లినిక్‌కి వెళ్ళి, మా నాన్న చేశాడు, భయపడి మా ఆవిడ చేత సంతకం పెట్టించాం అని చెప్తాను. నెల రోజులు. పిల్ల ఎలాగూ అక్క దగ్గరే ఉంటుంది. నువ్వు సంతకం పెట్టకపోయినా ఈ ఇంట్లోకి రాలేదు కదా?"

"మీరే వెళ్తారా?"

"నేనే వెళ్తాను."

"మీ నాన్నగారి పేరు మీ నోటితో చెప్తారా? ఆయన ముందు రేడియో గొంతు తగ్గించమని కూడా చెప్పలేరు మీరు."

"పిచ్చుక కోసం చెప్తాను," అన్నాడు. అంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు. ఆ నిమిషానికి అతను నిజంగానే చెప్పదలచుకున్నాడు. అదే వచ్చిన చిక్కు.

కోడలి ముందున్నవి రెండే దారులు. సంతకం పెట్టకపోతే ఇల్లు ఎప్పటికీ బాగుపడదు, పిల్ల ఎప్పటికీ ఇంటికి రాదు, భర్త గడప దాటడు. పెడితే ఇల్లు బాగుపడుతుంది, పిల్ల వస్తుంది, కాకపోతే తన చేతికి ఇస్తారో ఇవ్వరో తెలియదు. ఆ రెండో దారికి కాపలాగా భర్త మాట ఒక్కటి ఉంది.

వదిన సంగతి కూడా ఆమెకు గుర్తురాకపోలేదు. భర్తకు అక్క అయిన ఆ పట్నం వదినకు పిల్లల్లేరు. మొన్న దింపినప్పుడు, "నా దగ్గరైతే రెండు నెలల్లో బొద్దుగా అవుతుంది, చూస్తూ ఉండు" అని పిల్లని గట్టిగా హత్తుకుంది. పిచ్చుకకు అప్పుడే అక్కడ కొత్త మంచం కూడా వేశారు.

"ఒట్టేనా?" అంది.

"ఒట్టు," అన్నాడు.

*

ఇన్‌స్పెక్టరు బల్ల మీద ఫారం పరిచి ఒక్కో ప్రశ్నా అడిగి రాసుకుంది. మిగతా ముగ్గురూ తలో మూలా నిలబడి వింటున్నారు. అత్తగారి మొహంలో ఇప్పుడు ఎంతో శాంతం.

"దేనితో రుద్దారు?"

"ఉప్పు కాగితంతో."

"తడిపి రుద్దారా?"

"పొడిగానే."

"వద్దని మీకు ముందే తెలుసా?"

"తెలుసు. క్లినిక్‌లో చెప్పారు."

"రుద్దేటప్పుడు పిల్ల ఎక్కడుంది?"

కోడలు ఫారం వంక చూసింది. ఆ సోమవారం తను అక్కడ లేదు. ఉండి ఉంటే ఇవాళ ఈ బల్లా లేదు, ఈ ఫారమూ లేదు. లేనిచోట ఉన్నట్టు, చేయనిది చేసినట్టు, అదీ సొంత బిడ్డకు చేసినట్టు తన నోటితో తను చెప్పాలి.

"పిల్ల ఎక్కడుందమ్మా?"

"నా పక్కనే," అంది. "నేలమీద కూర్చుని దుమ్ములో బొమ్మలు గీస్తోంది."

ఇన్‌స్పెక్టరు రాసింది. కోడలు సంతకం పెట్టింది. చెయ్యి వణకలేదు. వణికి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

"ఇంకొక్క వివరం రాయాలి. కాంట్రాక్టరుకు అవసరం," అంది ఇన్‌స్పెక్టరు. ఆవిడకు ఈ అబద్ధం తెలియక కాదు. దాన్ని కాస్త గట్టిగా నిలబెట్టాలనే అనుకుంది పాపం. పైకి చదువుతూ రాయసాగింది. "పూత వేసినది అనుభవం లేని వ్యక్తి. కింద సరిగా రుద్దలేదు. అంచుల దగ్గర రంగు జారింది. మొత్తం మీద నాసిరకం పని."

"ఏమిటీ?" అన్నాడు మేస్త్రి.

కుర్చీ వెనక్కి పడింది.

"నాసిరకమా? ఎక్కడ జారింది? చూపించండి. ఏ అంచు దగ్గర?" ముసలాయన మూడంగల్లో కిటికీ దగ్గరికి వెళ్ళి చట్రం మీద అరచెయ్యి ఆనించాడు. "ఒక్క కుంచె గీత ఉంటే నా చెయ్యి నరుక్కుంటాను. ఇది మిషను కుట్టే చెయ్యి వేసిన పూతా? కళ్ళున్నవాళ్ళు ఎవరైనా అంటారా ఆ మాట? ముతక కాగితంతో ఒకసారి, సన్నదాంతో ఒకసారి, మళ్ళీ అద్దంలాంటిదాంతో ఒకసారి రుద్దాను. సందుల్లో లప్పం కూరాను. నలభై ఏళ్ళలో నా పని నాసిరకం అన్న మగాడు లేడు!"

పసిపిల్ల ఒంట్లో విషం నింపింది కోడలే అని రాస్తున్నంతసేపు గోడలు చూసిన మనిషి ఈయన. మనవరాలి అంకె విని యంత్రాన్ని తప్పు పట్టిన మనిషి. ఆయన్ని కుర్చీలోంచి లేపినది ఇదీ. ఇలాంటి గొప్పవాళ్ళని కోపంతో కొట్టాలో, జాలితో వదిలేయాలో తెలియదు. నాకైతే కొట్టాలనే ఉంది.

అత్తగారు తల పట్టుకుంది. ఇన్‌స్పెక్టరు కలం ఆగిపోయింది.

కోడలికి ఏమైందో ఏమో, గుండెల మీంచి బండ దిగినట్టయింది. పోతే పోనీ. ఫైలు పోనీ, కిటికీలు పోనీ. నిజం దానంతట అదే బయటపడింది. ఇక వేరే గది వెతుక్కోవచ్చు, భర్త వచ్చినా రాకపోయినా సరే. పిల్ల తనది. ఆ ముసలాయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది ఆమెకు, పుట్టి బుద్ధెరిగి మొదటిసారి.

"నాకు చెవులున్నాయండీ," అంది ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా. ఆవిడ ముఖంలో విసుగే తప్ప కోపం లేదు. "ఫారాల మీద నంబర్లుంటాయి, సంతకమయ్యాక చింపడానికి లేదు. ఒకరు నేను చేశానని సంతకం పెట్టారు. ఇంకొకరు నేను చేశానని అరుస్తున్నారు. ఆ పూత వేసిన రోజు ఇంట్లో ఉన్న మూడో పెద్దమనిషి ఎవరు?"

అత్తగారు కొడుకును చూసింది. మేస్త్రి కొడుకును చూశాడు. కోడలు మాత్రం చూడాల్సిన పని లేదనుకుంది. వంటింట్లో వేసిన ఒట్టు ఇంకా వెచ్చగా ఉంది. నెల తర్వాత చెప్పాల్సిన ముక్క ఇప్పుడు చెప్తాడు, అంతే కదా.

"నేనే," అన్నాడు భర్త.

"చెప్పండి. ఎవరు చేశారు?"

అతను చాలాసేపు చొక్కా గుండీ తిప్పుతూ నిలబడ్డాడు. కోడి మళ్ళీ అరిచింది.

"మా ఆవిడే చేసింది," అన్నాడు. "నాన్న మాట పట్టించుకోకండి. ఈమధ్య ఆయనకి మతి సరిగ్గా ఉండటం లేదు. ఎవరేం చేసినా తనే చేశాననుకుంటున్నారు."

మేస్త్రి అరచెయ్యి కిటికీ మీదే ఉండిపోయింది. "నాకా?" అన్నాడు. "నాకట్రా మతి లేనిది?"

"అవును తల్లీ," అంది అత్తగారు గబగబా. "మొన్న సొంత వీధే మరిచిపోతే ఎవరో తీసుకొచ్చి దింపారు. పాపం, ఎలాంటి మనిషి ఎలా అయిపోయారో." ముప్పై తొమ్మిదేళ్ళ కాపురం ఆవిడది. కళ్ళు కూడా ఒత్తుకుంది.

ముసలాయన పడిపోయిన కుర్చీని తనే లేపుకుని, తనే కూర్చున్నాడు. ఆయన వైపు ఎవరూ చూడలేదు.

"అయితే సాక్షి సంతకం మీరే పెట్టండి," అంది ఇన్‌స్పెక్టరు. భర్త పెట్టాడు. ఆవిడ కోడలి వంక చూసి, "మీరేమైనా చెప్పాలా?" అని అడిగింది. నిజంగా వినాలనే అడిగింది.

చెప్పాలి. కానీ ఏమని? ఇప్పుడు కాదంటే ఫైలు పోతుంది, తనది అబద్ధపు సంతకమవుతుంది, మతి లేదని తేలిన ముసలాయన తప్ప తన పక్క సాక్ష్యం ఒక్కటి ఉండదు. కోడలు తల అడ్డంగా ఊపింది.

"వచ్చే నెల మొదటి వారంలో మనుషులొస్తారు. అప్పటిదాకా దేన్నీ ముట్టుకోకండి." ఇన్‌స్పెక్టరు సంచి భుజానికెత్తుకుంది. గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి కోడలితో అంది. "విచారణ తేలేదాకా పిల్ల ఎవరి దగ్గరుంటే వాళ్ళు ఒప్పుకుంటేనే మీరు చూడాలమ్మా. వాళ్ళ ఎదురుగానే చూడాలి. ఇది మీకు ముందే చెప్పాల్సింది నేను."

జీపు వెళ్ళిపోయింది. అత్తగారు పెద్దగా ఊపిరి తీసి, "ఆకలేస్తోందిరా నాయనా, రెండు ముద్దలు తిందాం పట్టు," అని వంటింట్లోకి నడిచింది.

కోడలు భర్త ఎదురుగా వచ్చి నిలబడింది. అరవలేదు. అరుపు కోసం వెతికితే దొరకలేదు.

"నెల తర్వాత క్లినిక్‌కి వెళ్తానన్నారు."

"వెళ్ళి ఏం చెప్పను?" అన్నాడు అతను, నిజంగానే అర్థం కానివాడిలా. "సాక్షి సంతకం పెట్టింది నేనే కదా. నేనే కాదంటే నన్ను లోపలేస్తారు. ఆ ముసలాయన నోరు మూసుకుని ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు."

కుర్చీలో ముసలాయన కదల్లేదు.

"సరే," అంది కోడలు. "రేపు ఆదివారం. పట్నం బస్సుకి వెళ్తాను. వస్తానని పిచ్చుకకి మాటిచ్చాను."

భర్త ఫోను చేతిలోకి తీసుకున్నాడు. దాని వంకే చూస్తూ అన్నాడు.

"తొందరపడకు. అక్కని అడిగి చెప్తాను."